మెనోపాజ్ తరువాత షుగర్ అదుపు కోసం 12 వారాల వ్యాయామ శిక్షణ: బరువులు బాగున్నాయి, మార్కులే బాగాలేవు

నెలసరి పూర్తిగా ఆగిపోయి ఐదేళ్ళు దాటాక, నా 56వ ఏట చేయించుకున్న రక్తపరీక్షలో, గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ను తెలిపే హెచ్‌బీఏ1సీ 6.1 శాతం అని వచ్చింది. ఈ పరీక్షలో 5.7 నుంచి 6.4 వరకు ఉంటే ప్రీడయాబెటిస్ (మధుమేహానికి ముందు దశ) అనీ, 6.5 గానీ అంతకు మించి గానీ ఉంటే మధుమేహం అనీ లెక్క. రెండేళ్ళ క్రితం నాది 5.6 ఉండేది. ఈ రెండేళ్ళలో నా బరువు పెరగలేదు, భోజనం మారలేదు, రోజూ పొద్దున్నే నడిచే 40 నిమిషాల నడక ఒక్కనాడూ మానలేదు. ఇదే మాట డాక్టరుగారితో కొంత ఉక్రోషంగానే అన్నాను. ఆవిడ నా నడుము కొలత అడిగారు. అది మాత్రం పెరిగిందని ఒప్పుకోవలసి వచ్చింది. నడక మానవద్దనీ, అయితే నడక ఒక్కదానితో ఈ వయసులో సరిపోదనీ, కండరానికి బరువు మోసే పని చెప్పాలనీ ఆవిడ అన్నారు. ఆ సలహా మీదే, మెనోపాజ్ దాటిన స్త్రీల కోసమని ప్రత్యేకంగా రూపొందించిన ఒక ఆన్‌లైన్ శిక్షణలో చేరాను. దాన్ని పూర్తి చేసిన తరువాత రాస్తున్న సమీక్ష ఇది. రుసుము నేనే కట్టుకున్నాను, ఆ సంస్థతో నాకు మరే సంబంధమూ లేదు. ఇటువంటి శిక్షణలు ఇప్పుడు చాలా ఉన్నాయి, వాటి మంచిచెడ్డలూ ఇంచుమించు ఒకే తీరులో ఉంటాయి కనుక సంస్థ పేరు ఇవ్వడం లేదు.

శిక్షణ స్వరూపం ఇది. వారానికి రెండు రోజులు శిక్షకురాలి ఎదుట వీడియోలో 50 నిమిషాల తరగతి, మరో రోజు రికార్డు చేసిన పాఠం, మిగిలిన రోజుల్లో నడక. బృందానికి ఎనిమిది మందికి మించనివ్వరు. మొదటి 14 రోజులూ, చివరి 14 రోజులూ జబ్బ వెనుక భాగంలో గ్లూకోజ్ సెన్సర్ అతికించుకోవాలి. సెన్సర్ చెప్పే అంకెలను యాప్ తీసుకుని, రోజు ముగిసేసరికి నూటికి ఇన్ని మార్కులని తేలుస్తుంది. ఈ మార్కుల సంగతి తరువాత వివరంగా చెబుతాను, ఎందుకంటే నా ఫిర్యాదులో ముప్పాతిక వంతు దాని మీదనే.

చేరేముందు జరిగిన అరగంట సంభాషణ చాలా శ్రద్ధగా సాగింది. ఏ మందులు వాడుతున్నారు, కంటి రెటీనా పరీక్ష ఎప్పుడు చేయించుకున్నారు, అరికాళ్ళలో స్పర్శ సరిగా తెలుస్తున్నదా, ఎప్పుడైనా ఎముక విరిగిందా, దగ్గినప్పుడు మూత్రం చుక్కలుగా పడుతుందా అని ఒక్కొక్కటీ అడిగి రాసుకున్నారు. ఇవి మొక్కుబడి ప్రశ్నలు కావు. మధుమేహం వల్ల రెటీనా బాగా దెబ్బతిన్నవారు ఊపిరి బిగబట్టి పెద్ద బరువులు ఎత్తితే కంటిలో రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంటుంది. పాదాల్లో స్పర్శ తగ్గినవారికి చెప్పు కొరికినా తెలియదు, చిన్న పుండు పెద్దదయ్యాక గానీ బయటపడదు. ఇన్సులిన్ గానీ, ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువగా ఊరేలా చేసే సల్ఫొనైల్‌యూరియా తరగతి మాత్రలు గానీ వాడేవారికి వ్యాయామం వల్ల షుగర్ డెసీలీటరుకు 70 మిల్లీగ్రాముల కంటే దిగువకు పడిపోవచ్చు. మా బృందంలో ఇన్సులిన్ తీసుకునే ఆమె ఒకరున్నారు. తరగతి మొదలయ్యే ముందు ఆమె అంకె చెప్పనిదే శిక్షకురాలు పాఠం మొదలుపెట్టేవారు కాదు. 90 కంటే తక్కువ ఉంటే కొంత పిండిపదార్థం తీసుకుని పావుగంట ఆగమనేవారు. షుగర్ మాత్రలేవీ వాడని నాకు ఆ భయం తక్కువని మొదటి రోజే స్పష్టంగా చెప్పారు. అవసరం లేని భయం పెట్టకపోవడం కూడా మంచి శిక్షణలో భాగమేనని నా అభిప్రాయం.

మొదటి వారం పాఠంలో, నడక మానకపోయినా నా అంకె ఎందుకు పెరిగిందో సమాధానం దొరికింది. ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోన్ తగ్గిపోయిన తరువాత కొవ్వు చేరే చోటు మారుతుంది. అంతకుముందు తుంటి, తొడల దగ్గర చేరేది ఇప్పుడు పొట్ట లోపల, కాలేయం చుట్టుపక్కల చేరుతుంది. త్రాసు మీద అంకె మారకుండానే నడుము పెరగడానికి కారణం ఇదే. అదే సమయంలో వయసుతో పాటు కండరం కూడా కరుగుతూ ఉంటుంది. ఇన్సులిన్ ప్రభావంతో రక్తంలోంచి బయటికి వెళ్ళే గ్లూకోజులో అత్యధిక భాగాన్ని తీసుకునేది కండరమే కనుక, కండరం తగ్గిన ఒంట్లో అదే భోజనానికి షుగర్ ఎక్కువ పెరుగుతుంది. దీనికి తోడు మెనోపాజ్ వల్ల ఒంట్లోంచి ఉన్నట్టుండి లేచే వేడి ఆవిర్లతో రాత్రుళ్ళు నిద్ర చెడితే మర్నాడు ఇన్సులిన్ పనితనం ఇంకా మందగిస్తుంది.

ఇక వ్యాయామం చేసే మేలులో నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించిన విషయం మరొకటి. కండరం గట్టిగా పనిచేసినప్పుడు గ్లూట్4 అనే వాహక ప్రోటీన్లు కణం లోపలి నుంచి పైపొరకు వచ్చి, ఇన్సులిన్ ప్రమేయం లేకుండానే గ్లూకోజును లోపలికి చేరవేస్తాయి. ఇన్సులిన్ మాట కండరం సరిగా వినని స్థితిలో కూడా ఈ మార్గం పనిచేస్తుంది. ఒకసారి చేసిన వ్యాయామం వల్ల కండరానికి ఇన్సులిన్ పట్ల పెరిగిన స్పందన ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. అందుకే వరసగా రెండు రోజులకు మించి వ్యాయామానికి విరామం ఇవ్వకూడదన్న నియమాన్ని మా చేత కంఠస్థం చేయించారు. ఆదివారం ఒక్కనాడే మూడు గంటలు చేసేస్తానంటే కుదరదన్నమాట.

తరగతుల గురించి చెప్పాలంటే, ఈ శిక్షణకు ప్రాణం అక్కడే ఉంది. మొదటి రోజు కుర్చీలో కూర్చుని లేవడం నేర్పారు. కూర్చుని లేవడం కూడా ఒక విద్యేనా అని లోలోపల నవ్వుకున్నాను. రెండు చేతులతో రెండు కిలోల డంబెల్ ఒకటి ఛాతీకి ఆనించుకుని, మూడు అంకెలు లెక్కపెట్టేంత సేపు నెమ్మదిగా దిగి, పిరుదులు కుర్చీని తాకీ తాకగానే మళ్ళీ లేవాలి. నాలుగోసారికి శిక్షకురాలు తెర మీద నుంచి, "మేడమ్, మీరు కూర్చోవడం లేదండీ, కుర్చీలో పడిపోతున్నారు" అన్నారు. నిజమే. చివరి జానెడు దూరం నా తొడలు నన్ను మోయలేక వదిలేస్తున్నాయి. ఎన్నేళ్ళుగా అలా పడిపోతున్నానో నాకే తెలియదు. ఆ జానెడు దూరాన్ని అదుపులోకి తెచ్చుకోవడానికి నాకు మూడు వారాలు పట్టింది.

బరువు పెంచే పద్ధతిలో కూడా పిరికితనం లేదు, దుడుకుతనం లేదు. ఆపకుండా చేసే ఒక వరసలో చివరి రెండుసార్లు కష్టంగా ఉండాలి, కానీ ఒడుపు చెడకూడదు. రెండు తరగతుల్లో వరసగా పన్నెండేసిసార్లు తేలిగ్గా చేయగలిగితే తరువాతి తరగతిలో బరువు పెరుగుతుంది. ఎత్తేటప్పుడు ఊపిరి వదలాలి, బిగబట్టకూడదు. ఇలా రెండు కిలోలతో మొదలుపెట్టిన నేను తొమ్మిదో వారానికి ఆరు కిలోలకు చేరాను. ఈ వయసు ఆడవాళ్ళకు అరకిలో డంబెళ్ళు ఇచ్చి చేతులు ఊపించే తరగతులు నేను ఇంతకుముందు చూశాను, వాటిలో ఒళ్ళు అలవదు, కండరం పెరగదు. ఎముక సాంద్రత తగ్గిన మెనోపాజ్ అనంతర స్త్రీల చేత పర్యవేక్షణలో, వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున, ఎనిమిది నెలలపాటు నిజంగా బరువైన బరువులే ఎత్తించిన లిఫ్ట్‌మోర్ అనే అధ్యయనం 2018లో ప్రచురితమైంది. వారి వెన్నెముక, తుంటి ఎముకల బలం మెరుగుపడింది. అందులో పర్యవేక్షణ అన్న మాటను మాత్రం మరువకూడదు. ఈ శిక్షణలో ఎనిమిది మందిని ఒక్కొక్కరినీ కళ్ళతో చూసి సరిదిద్దే మనిషి ఉండటం వల్లనే నేను ఆరు కిలోల దాకా ధైర్యం చేయగలిగాను. రికార్డు చేసిన మూడో రోజు పాఠంలో ఆ సదుపాయం లేదు, దాని విలువ కూడా అంతంత మాత్రమే.

గెంతే వ్యాయామాలను మొదటి ఆరు వారాలు పూర్తిగా పక్కన పెట్టి, మూత్రాన్ని ఆపి ఉంచే కటి కండరాలను బిగించి వదిలే సాధన ముందుగా నేర్పారు. మూత్రం ఆపుకోలేని ఇబ్బంది గురించి తరగతిలో బాహాటంగా మాట్లాడటం వల్ల ఇద్దరు ముగ్గురు మధ్యలో మానేయకుండా నిలిచారని నాకనిపిస్తుంది. అయితే భుజం విషయంలో ఈ జాగ్రత్త లోపించింది. షుగర్ ఉన్నవారిలో, అందులోనూ 40 నుంచి 60 ఏళ్ళ మధ్య స్త్రీలలో భుజం బిగుసుకుపోయే జబ్బు ఎక్కువగా కనిపిస్తుంది. నా కుడి భుజం రెండేళ్ళ క్రితం అలా బిగుసుకుని ఇప్పుడిప్పుడే కుదుటపడుతోంది. చేరేముందు అడిగిన అన్ని ప్రశ్నల్లోనూ భుజం ఊసే లేదు. మూడో వారంలో బరువును తల మీదికి ఎత్తమన్నప్పుడు నొప్పి మొదలై పది రోజులు బాధించింది. నేను చెప్పిన తరువాత ఏటవాలుగా గోడను నెట్టే వ్యాయామం, రబ్బరు పట్టీని ఛాతీ వైపు లాగే వ్యాయామం బదులుగా ఇచ్చారు. అవి బాగానే ఉన్నాయి, కానీ అడిగితే తప్ప ఇవ్వలేదన్నది నా ఆక్షేపణ.

ఇప్పుడు మార్కుల సంగతి. రెండో వారంలో ఒకనాటి తరగతికి ముందు సెన్సర్ 104 చూపించింది. కుర్చీ వ్యాయామం మూడు వరసలు, నేల మీది బరువును తుంటి నుంచి వంగి ఎత్తడం మూడు వరసలు అయ్యేసరికి అది 148కి చేరింది. నలభై నిమిషాల తరువాత దానంతట అదే 110కి దిగింది. ఆ రోజు యాప్ ఎర్రటి గీత గీసి, నాకు నూటికి 61 వేసింది. మర్నాడు జలుబు చేసి రోజంతా కుర్చీలో కూర్చుని పుస్తకం చదువుకున్నాను. ఆ రోజుకు 88 వచ్చింది, పైగా "భేష్" అన్న అభినందన కూడా.

ఒళ్ళు వంచి చేసిన పనికి తిట్టు, కదలకుండా కూర్చున్నందుకు మెప్పు అన్నమాట. తీవ్రంగా కండరం పనిచేసేటప్పుడు అడ్రినలిన్ వంటి హార్మోన్లు పెరుగుతాయి, వాటి ఆదేశంతో కాలేయం తన దగ్గరున్న గ్లూకోజును రక్తంలోకి వదులుతుంది, కండరం తీసుకునే దానికంటే ఆ క్షణాన వచ్చేది ఎక్కువైతే అంకె కొద్దిసేపు పైకి లేస్తుంది. భోజనం వల్ల పెరిగే షుగర్‌నూ దీన్నీ ఒకే గాటన కట్టకూడదు. ఆ తరువాతి గంటల్లో కండరం ఖాళీ అయిన నిల్వలను నింపుకుంటుంది, ఇన్సులిన్ మరింత బాగా పనిచేస్తుంది. ఈ మాటలన్నీ నేను అడిగినప్పుడు శిక్షకురాలు చక్కగా వివరించారు. శిక్షకురాలికి తెలిసిన విషయం అదే సంస్థ తయారుచేసిన యాప్‌కు ఎందుకు తెలియలేదో నాకు అంతుపట్టలేదు. ఆ ఎర్రగీత చూసి మూడో వారంలో నేను ఎత్తే బరువును తగ్గించుకున్నాను. మా బృందంలో మరొకామె బరువుల తరగతులే మానుకుని నడకకు పరిమితమయ్యారు, ఆమె మార్కులు వెంటనే పెరిగాయి. ఏ పని కోసం ఆమె చేరారో ఆ పనే మాన్పించి, మంచి మార్కులు ఇచ్చి పంపిన యాప్‌ను ఏమనాలి?

సెన్సర్ పరిమితుల గురించి కూడా ముందుగా చెప్పవలసింది. అది రక్తంలోని గ్లూకోజును నేరుగా కొలవదు. చర్మం కింద కణాల మధ్య ఉండే ద్రవంలోని గ్లూకోజును కొలుస్తుంది కనుక, అసలు మార్పుకు కొన్ని నిమిషాలు వెనకబడి ఉంటుంది. వ్యాయామ సమయంలో ఈ వెనకబాటు ఇంకా ప్రస్ఫుటంగా కనిపిస్తుంది. ఆరో రోజు రాత్రి రెండు గంటలకు ఫోను గంట మోగి లేచాను. తెర మీద 58 అని ఉంది. మెడ, వీపు చెమటతో తడిసి ఉన్నాయి, గుండె దడదడలాడుతోంది. షుగర్ పడిపోయిన లక్షణాలు అచ్చం ఇవే. మెనోపాజ్ వేడి ఆవిరి లక్షణాలు కూడా ఇవే! చేతులు వణుకుతుండగా వేలు పొడిచి గ్లూకోమీటరుతో చూసుకుంటే 97 వచ్చింది. సెన్సర్ ఉన్న చేతి మీద ఒత్తిగిలి పడుకున్నప్పుడు ఆ చోట ఒత్తిడి వల్ల అంకె తప్పుగా తగ్గినట్టు కనిపిస్తుందని మర్నాడు తెలిసింది. ఈ ఒక్క వాక్యం మొదటి రోజు పంపిన సూచనల్లో ఉండి ఉంటే ఆ రాత్రి నాకు నిద్ర దక్కేది. ఇన్సులిన్ వాడేవారు మాత్రం చెమట పట్టిన ప్రతిసారీ వేడి ఆవిరేనని కొట్టిపారేయకుండా వేలు పొడిచి చూసుకోవడమే క్షేమం.

సెన్సర్ వల్ల ఉపయోగమే లేదని అనను. రాత్రి భోజనమైన తరువాత కూర్చుండిపోయిన రోజుల్లో గీత గోపురంలా లేచేది, పావుగంట నడిచిన రోజుల్లో అదే గీత దిబ్బలా చదునుగా ఉండేది. కళ్ళతో చూసిన తరువాత ఇక ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. 60 ఏళ్ళు పైబడి, షుగర్ వచ్చే అవకాశం ఉన్న పదిమంది మీద జరిపి 2013లో డయాబెటిస్ కేర్ పత్రికలో ప్రచురించిన ఒక చిన్న అధ్యయనంలోనూ, మూడు పూటలా భోజనానంతరం 15 నిమిషాల చొప్పున నడవడం 24 గంటల గ్లూకోజు స్థాయిని మెరుగుపరచింది. రాత్రి భోజనం తరువాతి షుగర్ మీద, ఏకబిగిన 45 నిమిషాలు నడిచిన దానికంటే ఇది బాగా పనిచేసింది. నా ఉదయపు 40 నిమిషాల నడకను ఇప్పుడు రెండు ముక్కలు చేసి, ఒక ముక్కను రాత్రికి మార్చుకున్నాను.

యాప్‌లో మరో లోపం గుండె వేగానికి సంబంధించినది. వయసును బట్టి ఒక హద్దు గీసి, నడకలో గుండె వేగం అక్కడికి చేరకపోతే "ఇంకా వేగంగా" అని హెచ్చరిస్తుంది. రక్తపోటు కోసం బీటా బ్లాకర్ మాత్రలు వాడేవారికి గుండె వేగం సహజంగానే పెరగదు. మా బృందంలో అటువంటివారు ఇద్దరున్నారు. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి అన్న కొలమానం వారికి అంతకంటే నమ్మదగినది, శిక్షకురాలు అదే చెప్పారు కూడా. ఇక్కడా మనిషి ఒకటి చెబితే యాప్ మరొకటి చెప్పింది.

ఫలితాల విషయానికి వస్తే, 12 వారాల తరువాత నా హెచ్‌బీఏ1సీ 6.1 నుంచి 5.8కి, పరగడుపు షుగర్ 108 నుంచి 101కి తగ్గాయి. నడుము నాలుగు సెంటీమీటర్లు తగ్గింది. బరువు తగ్గినది ఒక్క కిలో. అర నిమిషంలో కుర్చీలోంచి 11సార్లు లేవగలిగిన నేను 16సార్లు లేవగలుగుతున్నాను. ఎర్ర రక్తకణం ఆయుష్షు సుమారు 120 రోజులు కనుక హెచ్‌బీఏ1సీలో మార్పు కనిపించడానికి 12 వారాలు తగిన వ్యవధే. అయినా ఒక మనిషికి వచ్చిన 0.3 తేడాలో ప్రయోగశాల హెచ్చుతగ్గులకు కూడా కొంత వాటా ఉండవచ్చునని గుర్తుంచుకోవాలి. నెలసరి ఆగే ముందు సంవత్సరాల్లో అధిక రక్తస్రావంతో ఇనుము లోపించినవారిలో ఈ అంకె ఉన్నదానికంటే ఎక్కువ చూపవచ్చు. నాకు హిమోగ్లోబిన్, ఇనుము నిల్వలు రెండూ సరిగానే ఉన్నాయని ముందే పరీక్షించుకున్నాను. చేరేవారందరి చేతా ఆ పరీక్షలు చేయిస్తే బాగుంటుంది.

సంస్థ ప్రకటనల్లో నడుము సన్నబడిన స్త్రీల బొమ్మలే ఎక్కువ. బరువు తగ్గడం అక్కరలేదని నేను చెప్పబోవడం లేదు. 3,234 మంది ప్రీడయాబెటిస్ ఉన్నవారితో జరిపి 2002లో ఫలితాలు ప్రకటించిన అమెరికా డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్‌లో 7 శాతం బరువు తగ్గడం, వారానికి 150 నిమిషాల వ్యాయామం అన్న రెండు లక్ష్యాలూ కలిసే మధుమేహం వచ్చే అవకాశాన్ని 58 శాతం తగ్గించాయి. మెట్‌ఫార్మిన్ మాత్ర వల్ల తగ్గినది 31 శాతం. కానీ ఈ శిక్షణ నిజంగా బాగా నేర్పేది బరువులు ఎత్తడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో వారానికి 150 నుంచి 300 నిమిషాల మోస్తరు వ్యాయామంతో పాటు కనీసం రెండు రోజులు కండరాలకు బలాన్నిచ్చే వ్యాయామం చేయాలని ఉంది. నాలా ఏళ్ళ తరబడి నడుస్తూ ఆ రెండో భాగాన్ని వదిలేసినవారికి ఈ తరగతులు పనికివస్తాయి. ఇప్పటికే బరువులు ఎత్తే అలవాటున్నవారికి ఇందులో కొత్తగా దొరికేది తక్కువ. ఒంటరిగా యాప్ చూసుకుంటూ చేద్దామనుకునేవారు మాత్రం దీని జోలికి పోకపోవడమే మేలు.

తరగతి వేళల గురించి చిన్న హెచ్చరిక. నేను మొదట రాత్రి 8.30 బృందంలో చేరాను. తరగతి అయిన రాత్రుళ్ళు వేడి ఆవిర్లు ఎక్కువై పన్నెండు దాటినా నిద్ర పట్టేది కాదు. సాయంత్రం 5 గంటల బృందానికి మార్చమంటే రెండు రోజుల్లో మార్చారు, ఆ తరువాత ఇబ్బంది తగ్గింది. అందరికీ ఇలాగే ఉంటుందని కాదు గానీ, నిద్ర అంతంత మాత్రంగా ఉన్నవారు వేళ ఎంచుకునేటప్పుడే ఆలోచించుకోవాలి.

మార్కుల గురించి రాసిన ఉత్తరానికి సంస్థ వారు మర్యాదగానే జవాబిచ్చారు. వ్యాయామ సమయాన్ని లెక్క నుంచి మినహాయించే విషయం పరిశీలిస్తామన్నారు, ఎప్పటికని చెప్పలేదు. నేను మరో 12 వారాలకు తరగతులు మాత్రమే తీసుకుని, సెన్సర్ వద్దన్నాను. సెన్సర్ లేనివారికి యాప్‌లో మార్కుల గడి ఖాళీగా ఉంటుందని ముందే హెచ్చరించారు. నిన్నటి తరగతిలో ఏడు కిలోలు ఎత్తాను, గడి ఖాళీగానే ఉంది.